ఇంటర్వ్యూ ఉందని మాత్రలు ఆపేస్తున్నారా?

క్యాంపస్ సీజన్ మొదలవగానే కొందరు ఎవరికీ చెప్పకుండా ఒక పని చేస్తారు. ఏడాదిగానో రెండేళ్లుగానో వాడుతున్న డిప్రెషన్, యాంగ్జైటీ మాత్రలు ఒక్కసారిగా పక్కన పెట్టేస్తారు. మెడికల్ టెస్టులో బయటపడుతుందేమోనని ఒకరు, హాస్టల్లో రూమ్మేట్ చూస్తాడని ఇంకొకరు. ‘ఇప్పుడు బాగానే ఉన్నావు కదా, ఇంకా ఎందుకు?’ అని ఇంట్లో అన్నారని మరొకరు. నాది ఈ మూడో కథ. రెండేళ్లు ఎస్సిటాలోప్రామ్ వాడి, కంపెనీలు రావడానికి రెండు వారాల ముందు ఆపేశాను. డాక్టర్ని అడగలేదు.

నాలుగో రోజుకల్లా కళ్లు పక్కకు తిప్పితే చాలు, తలలో కరెంట్ షాక్ కొట్టినట్టు అయ్యేది. రాత్రి నిద్ర లేదు, పట్టినా పిచ్చి కలలు. యాప్టిట్యూడ్ టెస్టులో ఒకే లెక్కను మూడుసార్లు చదివాను. గ్రూప్ డిస్కషన్ మధ్యలో కారణం లేకుండా కన్నీళ్లొస్తే లేచి బయటికొచ్చేశాను. జబ్బు తిరగబెట్టింది, ఇక నేనింతే అనుకున్నాను. ఆ అనుకోవడంలోనే నాలుగు నెలలు పోయాయి. ఆఫర్ పోయినదానికన్నా అదే ఎక్కువ కుంగదీసింది.

అది జబ్బు కాదనీ, మందు ఆపడం వల్ల వచ్చిన విత్‌డ్రాయల్ అనీ తర్వాత డాక్టర్ చెబితే తెలిసింది. మెదడు మందుకు అలవాటుపడి సర్దుకుంటుంది. మందు హఠాత్తుగా పోతే మళ్లీ సర్దుకోవడానికి దానికి టైం కావాలి. రెండింటికీ తేడా చాలావరకు టైమింగ్‌లో ఉంటుంది. ఆపిన కొద్ది రోజుల్లోనే మొదలై, షాకుల్లాంటి కొత్త లక్షణాలు కనిపిస్తే విత్‌డ్రాయల్‌ని అనుమానించాలి. జబ్బు తిరగబెట్టడానికి సాధారణంగా వారాలు, నెలలు పడుతుంది. అయినా ఏది ఏదో తేల్చాల్సింది డాక్టరే, గూగుల్ కాదు.

మనల్నే తప్పుపట్టడానికీ లేదు. బ్రిటన్‌లో అధికారిక మార్గదర్శకాలే చాలా ఏళ్లపాటు ఈ లక్షణాలు స్వల్పమనీ, వారంలో తగ్గిపోతాయనీ చెప్పాయి. 2019లో అక్కడి రాయల్ కాలేజ్ ఆఫ్ సైకియాట్రిస్ట్స్ కొందరికి ఇవి తీవ్రంగా, ఎక్కువకాలం ఉండొచ్చని ఒప్పుకుంది. ఆ తర్వాతే మార్గదర్శకాలు మారాయి. అలాగని బెంబేలెత్తకండి. 2024లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చిన విశ్లేషణ ప్రకారం, మందు ఆపడం వల్లే లక్షణాలు వచ్చేది సుమారు ఆరేడుగురిలో ఒకరికి. తీవ్రంగా వచ్చేది 35 మందిలో ఒకరికి. పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ లాంటి వాటితో ఇబ్బంది ఎక్కువ. క్లోనాజెపామ్, ఆల్ప్రజోలామ్ సంగతి వేరే. రోజూ వాడుతూ ఠక్కున ఆపితే ఫిట్స్ కూడా రావొచ్చు.

నా డాక్టర్ మాత్ర మళ్లీ మొదలుపెట్టి, పది నెలల్లో మెల్లగా తగ్గించారు. మళ్లీ వేసుకోవడం ఓటమిలా అనిపించిందని దాచను. మొదట్లో డోసు తగ్గించడం తేలికగానే సాగింది, చివర్లోనే కష్టం. డోసు సగమైతే ప్రభావం కూడా సగం కాదట. చిన్న డోసు కూడా మెదడులో చాలా పని చేస్తుంది కాబట్టి ఆఖరి మెట్లు మరీ చిన్నవిగా ఉండాలి. మనవాళ్లు చేసే రోజు మార్చి రోజు పద్ధతి, శరీరం నుంచి త్వరగా పోయే మందులతో ఎగుడుదిగుళ్లే మిగులుస్తుంది.

పూర్తిగా ఆపాక కూడా మూడు నెలలు నిద్ర కుదరలేదు. వారం బాగుండేది, మళ్లీ నాలుగు రోజులు పాడయ్యేది. ఆ పాడు రోజుల్లో కోచింగ్ మానేద్దామనో ఊరెళ్లిపోదామనో నిర్ణయాలు తీసుకోకూడదని రూల్ పెట్టుకున్నాను. పన్నెండు గంటలు చదవాలన్న టైంటేబుల్ చింపేసి, పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలతో సరిపెట్టుకున్నాను. పక్కవాడు రీడింగ్ రూమ్‌లో రాత్రి ఒంటిగంట దాకా కూర్చుంటే కడుపు మండేది, నిజమే! అయినా ఆ నాలుగు గంటలతోనే తర్వాతి ఏడాది ఒక చిన్న కంపెనీలో చేరాను.

ఆ ఏడాది గ్యాప్ గురించి ఇంటర్వ్యూలో అడిగారు. ‘ఆరోగ్య కారణాలతో విరామం తీసుకున్నాను, ఇప్పుడు పనికి సిద్ధం’ అన్నాను. వాళ్లు తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. మీరూ అంతకన్నా వివరించక్కర్లేదు. కాకపోతే జాయినింగ్ ఫారంలో సూటిగా అడిగితే అబద్ధం మాత్రం రాయకండి.

ప్లేస్‌మెంట్ సెల్ ఉన్న ప్రతి కాలేజీ మాక్ ఇంటర్వ్యూలు పెడుతుంది, టై కట్టుకోవడం నేర్పుతుంది. మందులు వాడేవాళ్లు ఇలాంటి టైంలో ఏం చేయాలో ఒక్క ముక్క చెప్పదు. ఏటా వందల మందిని ఒకే వారంలో పరీక్షకు నిలబెట్టేవాళ్లకు ఇది తెలియకపోవడం నాకు మింగుడుపడదు.

మాత్రలు మానాలనిపిస్తే మానొచ్చు, ఆ కోరిక తప్పు కాదు. వాడుతూ ఉద్యోగం చేసుకునేవాళ్లూ ఎందరో ఉన్నారు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు గ్రూప్స్ తేదీలు, క్యాంపస్ డ్రైవ్ తేదీలు రాసిన కాగితం వెంట తీసుకెళ్లండి. వాటి ముందు నెలలో డోసు తగ్గించొద్దని అడగండి. ఇప్పటికే ఆపేసి అల్లాడుతుంటే ఈ వారమే వెళ్లండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే అప్పటిదాకా కూడా ఆగొద్దు, ఇంట్లో ఒకరికి చెప్పండి, టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు తీసుకోరు.