పదహారు యంత్రాల జట్టు

పిల్లలూ! ఆదిలాబాదు చేలలో పత్తి ఏరటం చూశారా? ఒక్కరు 16 రోజులు ఏరే చేనును 16 మంది ఒక్క రోజులో ముగిస్తారు. కంప్యూటర్లూ అంతే!

1994లో అమెరికాలోని నాసా గొడ్డార్డు కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ అనే శాస్త్రజ్ఞులు బజారులో దొరికే 16 మామూలు కంప్యూటర్ల భాగాలను తీగెలతో కలిపి, భూమిని గురించీ అంతరిక్షాన్ని గురించీ పెద్ద లెక్కలు చేయించారు. ఆ జట్టు పేరు 'బేవుల్ఫ్'. ఖరీదైన సూపర్ కంప్యూటరు లేకుండానే పని జరిగింది. ఇటువంటి జట్టులో ఒక యంత్రం పని పంచుతుంది. తక్కినవి తమ వంతు చేసి జవాబులు అందిస్తాయి.

అయితే ఒక చిక్కున్నది. పంచటానికి వీలైన పనే త్వరగా అవుతుంది. పత్తి గింజకు 16 మంది కాపలా ఉన్నా అది ఒక్క రోజు ముందు మొలకెత్తదు గదా!

మీ ఇంటి పనులలో పంచుకోగలిగినవేవి, పంచుకోలేనివేవి? వ్రాసి చూడండి.