నకలు ఏదో తేల్చవలసినది ఎవరు?

ఫ్రెంచి సేనాని రేమాండు పదునెనిమిదవ శతాబ్ది చివరి సంవత్సరములలో నిజాము ప్రభువు కొరకు ఫిరంగులు పోతపోయించిన గన్‌ఫౌండ్రీ నుండి, ఒకప్పటి స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు ప్రధాన కార్యాలయ భవనమును దాటి ఆబిడ్సు వైపు నడచి, జగదీశ్ మార్కెట్టులోని ఇరుకైన మొబైల్ దుకాణముల నడుమ కొంతసేపు నిలిచిన వారికి, నేటి గృహస్థుల ఇక్కట్లలో ఒకటి అనాయాసముగా బోధపడును. "స్టోరేజ్ ఫుల్ అని వస్తోంది భయ్యా, మనవడి ఫోటో తీద్దామంటే తీయనివ్వడం లేదు" అని ఒక పెద్దావిడ మొరపెట్టుకొనును. "పెద్ద మెమరీ కార్డు వేసుకోండి అమ్మా, లేకపోతే ఫోనే మార్చేయండి" అని దుకాణములోని యువకుడు తల ఎత్తకయే సెలవిచ్చును. రోగము ఏదైనను అమ్మకమే ఔషధమని చెప్పు వైద్యము ఆ వీథికి క్రొత్తది కాదు గనుక అతనిని నిందించుట వ్యర్థము. కాని ఆ ఫోనులో నిండియున్నది ఏమి అను ప్రశ్నను అమ్మువాడును వేయడు, కొనువారును వేసికొనరు.

నిండియున్నవన్నియు వేర్వేరు ఫోటోలని భ్రమపడనక్కరలేదు. ఒక పెండ్లి జరిగినదనుకొందము. స్టూడియోవారు పెన్‌డ్రైవులో ఇచ్చిన చిత్రములను పెండ్లికొడుకు తండ్రి ఇంటి కంప్యూటరులోనికి ఎక్కించును. కోడలు అదే పెన్‌డ్రైవును తన ల్యాప్‌టాపునకు తగిలించుకొనును. నచ్చినవానిని మేనత్త కుటుంబ గ్రూపులో పెట్టగా, అవి బంధువులందరి ఫోనులలోనికి తమంత తామే దిగును. మూడేండ్లకు ఫోను మార్చునప్పుడు, ఎందుకైనను మంచిదని, ఉన్నవన్నియు కంప్యూటరులో 'పాత ఫోను' అను ఫోల్డరున దాచుదురు. మరి రెండేండ్లకు 'పాత ఫోను కొత్తది' అను ఫోల్డరొకటి వెలయును, దాని కడుపులో మొదటి ఫోల్డరు మరల సాంగోపాంగముగా ప్రత్యక్షమగును. పెండ్లికూతురు తలవంచుకొని జీలకర్రబెల్లము పెట్టించుకొన్న ఆ ఒక్క క్షణము ఒకే హార్డ్‌డిస్కులో ఆరేడు చోట్ల కొలువుతీరియుండును. వీనికి తోడు ప్రతిదినము ఉదయము ఆరు గంటలకు గులాబీపూవుతోనో, వేంకటేశ్వరస్వామి పటముతోనో విచ్చేయు శుభోదయములు ఉండనే ఉన్నవి. భారతీయుల ఫోనులు తరచు స్తంభించిపోవుటకు కారణమేమని గూగుల్ సంస్థవారు విచారింపగా ఈ శుభోదయ చిత్రముల వెల్లువయు అందొక ముఖ్యకారణమని తేలినట్లు 2018లో పత్రికలు వ్రాసినవి. ఆ సంస్థ 2017 డిసెంబరులో వెలువరించిన ఫైల్స్ గో అను యాప్ వానిని ఏరి చూపు నేర్పును సంపాదించుకొన్నది. ఫోటోలను లెక్క లేకుండ ఉచితముగా దాచిపెట్టెడి అదే సంస్థ 2021 జూన్ 1 నుండి ఆ ఔదార్యమును ఉపసంహరించి, మెయిలుతో సహా అన్నిటికిని కలిపి 15 జీబీ మాత్రమే ఉచితమన్న నాటినుండి, అంతవరకు ఎవరికిని పట్టని ఈ నకళ్ల సమస్య మధ్యతరగతి ఇండ్లలో ఖర్చు లెక్కలలోనికి ఎక్కినది.

కావున నకళ్లను వెదకి తీసివేయు సాఫ్ట్‌వేరు అవసరమే. దాని విషయమున నాకు పేచీ లేదు. నా పేచీ అంతయు, అది చెప్పగలిగిన మాటకును మనము దానిచేత చెప్పించుకొనుచున్న మాటకును గల అంతరమును గూర్చియే. రెండు చిత్రములు సమానములా కావా అని అది చెప్పగలదు. వానిలో ఏది మనకు అక్కరలేనిదో చెప్పుట దాని తరము కాదు. 'అన్నిటిని ఎంచుము' అను ఒక్క మీటతో ఆ రెండవ తీర్పును గూడ మనము దానికే అప్పగించుచున్నాము.

ఈ సాఫ్ట్‌వేరు పనిచేయు తీరు రెండు విధములు. మొదటిదానిలో, ఫైళ్ల పరిమాణములను పోల్చి, సరిసమానమైన పరిమాణము గలవానిని మాత్రము గ్రహించి, ప్రతి ఫైలులోని సమస్త సంకేతములనుండియు ఒక గణితప్రక్రియచేత చిన్న ముద్రవంటి సంఖ్యను రాబట్టుదురు. రొనాల్డ్ రివెస్ట్ 1991లో రూపొందించిన ఎండీ5 పద్ధతిలో ఆ సంఖ్య 128 బిట్లు మాత్రమే. ఫైలు ఎంత పెద్దదైనను ముద్ర అంతే. ఫైలులో ఒక్క బిట్టు మారినను ముద్ర గుర్తుపట్టరానంతగా మారిపోవును గనుక, రెండు ముద్రలు ఒకటైనచో ఫైళ్లు ఒకటేయని ఇంటి అవసరములకు నిశ్చింతగా నమ్మవచ్చును. కుట్రబుద్ధితో ఒకే ముద్ర గల రెండు వేర్వేరు ఫైళ్లను సృష్టింపవచ్చునని 2004లో చైనా పండితులు నిరూపించిరి గాని, మేనత్త అంతటి కుట్ర చేయునని శంకింప నవసరము లేదు.

అయితే ఈ పద్ధతికి వాట్సాప్ ఒక్క దెబ్బతో గండి కొట్టినది. ఫోటోను మామూలుగా పంపినప్పుడు అది చిత్రమును కుదించి, తీసిన తేదీ, స్థలము, కెమెరా వివరములు తొలగించి పంపును. కంటికి అదే చిత్రము, ముద్రకు మాత్రము వేరొకటి. అట్టి చోట అక్కరకు వచ్చునది రెండవ పద్ధతి. ఇందు చిత్రమును రంగులు పోగొట్టి, అడ్డముగ తొమ్మిది, నిలువుగ ఎనిమిది చుక్కలకు కుదించి, ప్రతి చుక్కను దాని కుడిప్రక్క చుక్కతో పోల్చి, ఇది దానికన్న ప్రకాశవంతమా కాదా అని ప్రశ్నింతురు. అరువదినాలుగు ప్రశ్నలకు అరువదినాలుగు జవాబులు వచ్చును. రెండు చిత్రముల జవాబులలో ఎన్నిచోట్ల భేదమున్నదో లెక్కించి, అది స్వల్పమైనచో 'ఇవి పోలియున్నవి' అని ప్రకటింతురు. ఇట్టి భేదములను లెక్కించు పద్ధతి రిచర్డ్ హామింగ్ 1950లో సంకేతములలోని దోషములను సవరించుటకై ప్రతిపాదించినది. చిత్రములను ఇట్లు పోల్చుటకు మరికొన్ని పద్ధతులును కలవు. డూప్‌గురు, చ్కావ్కా, డిజికామ్ అనునవి ఇట్టి పోలికలను పట్టి చూపు సాఫ్ట్‌వేర్లు. మూడును ఉచితముగా లభించునవే.

ప్రమాదమంతయు 'పోలియున్నవి' అను ఆ మాటయందున్నది. డెబ్బదిరెండు చుక్కలలో ఇమిడిన లోకమున నాయనమ్మ కన్నులు తెరచియున్నవా మూసియున్నవా అను భేదము కానరాదు. కుటుంబమంతయు వరుసగా నిలిచి ఒకదాని వెంట ఒకటి తీయించుకొన్న నాలుగు ఫోటోలు దానికి ఒక్కటే; ఆ నాలుగింటిలో ఆమె నవ్వినది ఏదో ఒక్కదానిలోనే. అంతకన్న గడ్డు సంగతి ఒకటి కలదు. మన ఇండ్లలో ఫోను కెమెరా ఇప్పుడు కాగితముల భోషాణము గూడ అయినది. పట్టాదారు పాసుపుస్తకము పుటలు, పదవ తరగతి మెమోలు, ఆసుపత్రి రిపోర్టులు, రిజిస్ట్రేషను పత్రములు అన్నియు అందే ఉన్నవి. తెల్లని కాగితముపై నల్లని అక్షరములుగల రెండు వేర్వేరు పుటలు అంత చిన్న గళ్లలోనికి కుదించినప్పుడు ఒకటిగా కనబడుటకు అవకాశము మెండు. పాసుపుస్తకములోని రెండవ పుటను మూడవ పుటకు నకలని ఒక యంత్రము తీర్మానింపగా, చూడకయే మీట నొక్కిన వాడు, దాని ఫలమును తహసీల్దారు కార్యాలయము ముందు గాని తెలిసికొనజాలడు.

ఏది ఉంచవలెనను విషయమున గూడ యంత్రమునకు తెలిసిన సూత్రములు రెండు మూడే: పెద్ద పరిమాణము గలదానిని ఉంచుట, పాత తేదీ గలదానిని ఉంచుట. తేదీ తరచు నమ్మదగినది కాదు; ఫైలును ఒకచోటనుండి మరియొక చోటికి మార్చునప్పుడు దానిపై పడునది ఒక్కొక్కప్పుడు ఆ మార్పు జరిగిన నాటి తేదీయే. పరిమాణము మాట అడుగనే వలదు. తాతగారి పాత నలుపు తెలుపు ఫోటోకు కృత్రిమ మేధచేత రంగులద్దించి, ముడుతలు చదునుచేయించి, పెద్దది చేయించుట నేడు ఇంటింటి వేడుక అయినది. ఆ చిత్రము పరిమాణమున పెద్దది, చూపునకు నిగనిగలాడునది, కాని అందున్న ముఖము తాతగారిది కాదు. ఆయనను ఎన్నడును చూడని యంత్రము ఊహించిన ఒక పెద్దమనిషిది. పెద్దదానిని ఉంచి చిన్నదానిని తీసివేయుమని ఆజ్ఞాపించినచో మిగులునది ఆ పెద్దమనిషియే.

ఈ సంకటము పూర్వులకు లేదు. 1844లో మీరట్ చెంత సర్ధానాలో జన్మించి, ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను ఆస్థాన ఛాయాచిత్రకారుడై, ముసవ్విర్ జంగ్ అను బిరుదమును పొంది, 1886లో సికిందరాబాదున స్టూడియో నెలకొల్పి, 1892లో అంతఃపుర స్త్రీల కొరకు ప్రత్యేకముగా ఒక స్టూడియోను ఒక ఆంగ్లవనిత ఆధ్వర్యమున నడిపించిన రాజా దీన్ దయాళ్ కాలమున, అసలు ఏదో నకలు ఏదో పసివాడైనను చెప్పగలడు. గాజుపలక అసలు, కాగితము నకలు. కాగితములు ఆల్బములలో అతికింపబడి నవాబుల ఇండ్లకును, దొరల వెంట సీమకును పోయినవి. చెదలు తిన్నవి, చినిగినవి, చెల్లాచెదరైనవి. పలక నిలిచియున్నంత కాలము ఆ నష్టము నష్టము కాదు. ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగెటివులను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము 1989లో సేకరించి భద్రపరచుటచేతనే, నాటి హైదరాబాదు మహళ్లను, వేటలను, సైనిక కవాతులను మనము నేడు స్ఫుటముగా చూడగలుగుచున్నాము. అచ్చుప్రతులు ఎక్కువగానున్నవను నెపముతో గాజుపలకను పగులగొట్టిన స్టూడియోదారు ఆ కాలమున ఉండియుండడు. మనము చేయుచున్నది ఇంచుమించు అదియే; ఏది పలకయో గుర్తింపక పోవుటయే మన లోపము.

గుర్తించుటకు ఆనవాళ్లు లేకపోలేదు. తీసిన క్షణమును, కెమెరా పేరును తనలో దాచుకొన్న ఫైలే నేటి గాజుపలక. ఆండ్రాయిడ్ ఫోనులో పేరు మధ్య డబ్ల్యూ-ఏ అను రెండు ఆంగ్లాక్షరములున్నచో అది వాట్సాప్ ద్వారా వచ్చిన ప్రతి; ఆ పేరులోని తేదీ ఫోటో తీసిననాటిది కాదు, మనకు చేరిననాటిది. అట్టి ప్రతికి అసలు మన యొద్దనే ఉన్నచో ప్రతిని నిస్సంకోచముగా తొలగింపవచ్చును. లేనిచో, అదెంత మసకబారినదైనను, మనపాలిటికి అదియే అసలు. బంధువులు పంపునప్పుడే ఫోటోను డాక్యుమెంటుగా పంపినచో ఈ చిక్కే ఉండదు గాని, ఆ సలహాను కుటుంబ గ్రూపులో ఎవరు పాటింతురు?

మరియొక భ్రాంతిని గూడ తొలగించుకొనవలెను. వేరొక హార్డ్‌డిస్కులో ఉద్దేశపూర్వకముగా దాచిన ప్రతి నకలు కాదు, రక్ష. 1908 సెప్టెంబరులో మూసీనది ఈ నగరమును ముంచినది. 2020 అక్టోబరు వానలకు ఎన్నో కాలనీలలో నీరు ఇండ్ల లోపలికే వచ్చినది. అట్టి దినమున ఆల్బమును కాపాడునది మరియొక ఊరిలోనో, మరియొక ఇంటిలోనో ఉన్న రెండవ ప్రతియే. కంప్యూటరును, దాచిన డిస్కును కలిపి ఒకేసారి వెదకించిన అత్యుత్సాహి, యంత్రము ఆ రెండవ ప్రతులన్నిటిని నకళ్లని చూపగా మురిసిపోయి తీసివేయును; ఆపై మిగిలిన ఒక్క ప్రతియు పదేండ్ల నాటి డిస్కులో టకటకలాడుచుండును. వెదుకుట ఒక్కొక్క డిస్కులో విడివిడిగా జరుగవలెను.

డబ్బు విషయమున ఒక్క మాట చాలును. వెదకుట ఉచితమని ఆశచూపి, వేలకొలది నకళ్లున్నవని ఎఱ్ఱని అక్షరములతో బెదరించి, తీసివేయుటకు మాత్రము రుసుము చెల్లింపుమను సరుకు విపణిలో కొల్లలుగా ఉన్నది. గృహస్థునకు దాని అవసరము లేదు. ఆపిల్ సంస్థ 2022లో ఐఓఎస్ 16తో నకళ్లను చూపు ఆల్బమును ఫోనులోనే అమర్చినది. ఆండ్రాయిడ్ ఫోనులలో గూగుల్ ఫైల్స్ ఉన్నది. కంప్యూటరునకు పైన చెప్పిన మూడింటిలో ఏదైనను సరిపోవును. ఇంటి ఫోటోలన్నిటిని ఒక అపరిచితుని బల్లమీద విప్పి, 'శుభ్రము చేసిపెట్టుము' అని రెండు గంటలు బజారున తిరిగివచ్చుట ఏ విధమునను వివేకము కాదు.

ఆబిడ్సు దుకాణములలోని యువకులకును, ఇండ్లలో కంప్యూటరు తెలిసిన పిల్లలకును నా విన్నపము ఇంతే. ముద్రలు సరిపోయిన నకళ్లను మీరే తీసివేయుడు; పోలియున్నవని యంత్రము చూపినవానిని మాత్రము, ఆ ముఖములను ఎరిగిన పెద్దవారి నొకరిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, జంటజంటగా చూపి, వారు సరేయన్న పిదపనే తొలగింపుడు. తొలగించినను శాశ్వతముగా తుడువక రీసైకిల్ బిన్నులోనికి పంపుడు. మీరు ఖాళీ చేయునంతవరకు అవి సామాన్యముగా అందు ఉండును. ఐఫోనులో అయినచో ముప్పది దినముల గడువు కలదు.