మారిషస్ రామభజనను వరంగల్ వినాలి

హన్మకొండలో ఏళ్లపాటు కాలేజీ పిల్లలకు తెలుగు చెప్పాను. మారిషస్‌లో ఉగాదికి దేశమంతటా సెలవంటే క్లాసులో ఎవరూ నమ్మేవారు కాదు.

బానిసత్వం రద్దవుతున్న రోజుల్లో, 1834 నుంచి, అక్కడి చెరకు తోటలకు బ్రిటిష్‌వాళ్లు మన కూలీలను ఒప్పందాల మీద ఓడలెక్కించారు. తెలుగువాళ్లు కోరంగి, విశాఖ రేవుల నుంచి వెళ్లారు. మాది నిజాం రాజ్యం, ఆ ఓడలు కోస్తావి. అంతమాత్రాన వాళ్ల పాట మాకు పరాయిదవుతుందా? సింహాద్రి అప్పన్న పూజను, అమ్మోరు పండుగను, దీపం చుట్టూ తిరుగుతూ పాడే రామభజనను వాళ్లు తరతరాలుగా కాపాడుకున్నారు. ఇంట్లో మాట క్రియోల్‌కు మారింది. భజన మాత్రం తెలుగులోనే సాగింది.

భారత్, మారిషస్ ప్రభుత్వాలు కలిసి మారిషస్‌లోని మోకాలో మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ పెట్టాయి. అక్కడ తెలుగు చెబుతారు, కూలీల వలస రికార్డులూ అక్కడే ఉన్నాయి. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దేశంలోనే జరిగాయి. సంతోషమే. కానీ శాలువాలు కప్పుకుని తిరిగొచ్చే సహకారం చాలదు.

వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞానపీఠం ఉంది. ఒగ్గుకథ, చిందు యక్షగానం విని పెరిగిన పిల్లలు ఇక్కడున్నారు. వాళ్లను మారిషస్ పల్లెలకు పంపాలి. భజన గురువుల పాటలు రికార్డు చేయించి, నకళ్లు రెండు దేశాల్లోనూ ఉంచాలి. అక్కడి యువకులను ఇక్కడికి పిలిచి మన కళాకారుల దగ్గర కూర్చోబెట్టాలి. పాత పాటలు వచ్చిన పెద్దవాళ్లు ఎల్లకాలం ఉండరు. వచ్చే బడ్జెట్‌లోనే ఈ పనికి డబ్బు కేటాయించాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాను.