బెణుకేనా... ఇంకేదైనానా?

తెల్లవారకముందే పూర్ణా మార్కెట్లో సరుకు దించే హడావుడి మొదలవుతుంది. బస్తా మోస్తున్న కళాసీ తడి నేల మీద జారి, పాదం మునివేళ్ల మీద వంగిందనుకోండి... ‘బెణికిందిలే’ అని జండూబామ్ రాసుకుంటాడు. వాపు తగ్గకపోతే ఎక్స్‌రే. ‘ఎముక విరగలేదు’ అనగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. చిక్కంతా అక్కడే!

చీలమండకూ వేళ్లకూ నడుమ, పాదం పైభాగం ఎత్తుగా ఉండేచోట చిన్న చిన్న కీళ్ల వరుస ఒకటుంది. దాని పేరు లిస్‌ఫ్రాంక్ కీలు. నెపోలియన్ కాలంనాటి ఫ్రెంచి సర్జన్ జాక్ లిస్‌ఫ్రాంక్ (1790-1847) పేరే దానికి పెట్టారు. ఆయన కనిపెట్టింది దీనికి వైద్యం కాదు, పాడైన పాదాన్ని ఆ కీలు దగ్గర కోసి తీసేసే పద్ధతి!

పాదంలో రెండో వేలి వెనకున్న పొడవాటి ఎముక మొదలు, కమాను మధ్యలో బిగించిన రాయిలా ఇరుక్కుని ఉంటుంది. పక్కపక్కనున్న మిగతా ఎముకల మొదళ్లను కలిపి కట్టే నరంలాంటి పట్టీలున్నాయి. బొటనవేలి ఎముకకూ రెండోదానికీ మధ్య మాత్రం అది లేదు. ఏటవాలుగా సాగే ఒకే గట్టి పట్టీ మీద భారమంతా. అది తెగితే ఎముక విరగకుండానే పాదం విచ్చుకుంటుంది.

పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో ఈ సందు కనిపించకపోవచ్చు. కాలి మీద బరువు లేనప్పుడు ఎముకలు బుద్ధిగా తమ చోట్లలోనే ఉంటాయి మరి. సుమారు ఐదింట ఒకటి తొలిసారి దొరక్కుండా పోతుందని వైద్య గ్రంథాలు చెప్పేది అందుకే. నిలబెట్టి తీస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఆ రెండు ఎముకల మొదళ్ల మధ్య ఎడం 2 మిల్లీమీటర్లు దాటితే అనుమానించాలి. అందరి పాదాలూ ఒకేలా ఉండవు, ఎక్స్‌రే ట్యూబు కాస్త వంగినా కొలత మారుతుంది. అందుకే బాగున్న కాలిని కూడా తీసి పోల్చి చూస్తారు. రెండో ఎముక లోపలి అంచు, దాని వెనకనున్న ఎముక అంచుతో ఒకే గీతలో ఉందా అన్నదీ చూస్తారు. పక్కనుంచి తీసిన ఫిల్ములో ఎముకల పైభాగాన మెట్టులా లేస్తే అదీ తేడాయే. నొప్పికి నిలబడలేకపోతే కాలికి కట్టు వేసి, వారం పదిరోజులాగి మళ్లీ తీస్తారు. లేదా సీటీ స్కాన్.

అరికాలి మధ్యలో కమిలిన మచ్చ కనిపించినా, మునివేళ్ల మీద నిలబడలేకపోయినా మర్దన జోలికి పోకుండా ఎముకల డాక్టర్ని కలవాలి. ఎడం లేకపోతే కట్టుతో, సుమారు ఆరు వారాలు కాలు మోపకుండా ఉంటే చాలు. ఉంటే స్క్రూలో, ప్లేట్లో తప్పవు. రోజుకూలీకి ఆరు వారాలంటే మాటలా! నాలుగోరోజే బస్తా ఎత్తుకుంటాడు. అలా వదిలేసిన పాదంలో కమాను కుంగుతుంది, కీళ్లు అరుగుతాయి, నొప్పి ఏళ్లతరబడి వదలదు.

మార్కెట్‌కి కేజీహెచ్ దగ్గరే. ఎక్స్‌రే రాసేటప్పుడు ‘నిలబెట్టి తీయాలా, రెండు కాళ్లకీ తీయాలా?’ అని డాక్టర్ని అడగడానికి మొహమాటం అక్కర్లేదు. షుగరుతో పాదాలు మొద్దుబారినవాళ్లయితే, నొప్పి లేకపోయినా వాపు, వేడి కనిపిస్తే ఆ రోజే వెళ్లాలి.