తోట చివరిదాకా వైఫై

మామిడితోట నడుమ కట్టుకున్న ఇంట్లో చక్కగా పనిచేసే వైఫై గేటు దాకా, బోరు మోటారు షెడ్డు దాకా అందకపోవడానికి రౌటరు శక్తి చాలకపోవడం ఒక్కటే కారణం కాదు; రేడియో తరంగాలు గోడలను దాటుతూ, నీరు నిండిన ఆకుల గుండా సాగుతూ క్షీణిస్తాయి, పైగా రౌటరు సంకేతం దూరం చేరినా, ఫోను పంపే బలహీనమైన సంకేతం కూడా వెనక్కి రౌటరును చేరగలగాలి. అందువల్ల మరింత పెద్ద రౌటరు కొనడమూ, అందిన సంకేతాన్నే తిరిగి ప్రసారం చేసే రిపీటర్లను వరుసగా పెట్టడమూ (ఒకే రేడియో ఉన్న రిపీటరు వద్ద వేగం సుమారు సగానికి పడిపోతుంది) డబ్బు వృథా చేయడమే. సరైన మార్గం తీగ వేయడం: తీగలో వచ్చిన ఇంటర్నెట్‌ను వైఫైగా వెదజల్లే యాక్సెస్ పాయింటును, అందులోనూ ఎండవానలకు తట్టుకునే రకాన్ని, అవసరమైన చోటే స్తంభానికి బిగించి, డేటానూ విద్యుత్తునూ కలిపి మోసే ఈథర్నెట్ కేబులును అక్కడిదాకా నడపాలి. ఆ రాగి కేబులు పరిమితి 100 మీటర్లు. అంతకు మించిన దూరానికి ఆప్టికల్ ఫైబరే మేలు, ఎందుకంటే లోహం లేని ఫైబరు పిడుగుపాటు విద్యుత్తును ఇంట్లోకి మోసుకురాదు, ఆరుబయలు తోటల్లో ఇది చిన్న లాభం కాదు. డ్రిప్పు పైపులకు కందకం తవ్వించే రైతులు అదే కందకంలో కేబులు కోసం ఒక ఖాళీ గొట్టాన్ని కూడా వేయించుకోవాలి.