ఓడిపోయినవాడికి మైకు ఇస్తామా?



పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మన సంఘ పెద్దల్లో ఇద్దరు నా దగ్గరికి వచ్చి ఒక మాట అడిగారు. "అయ్యగారూ, కానుకల లెక్క పుస్తకం రాసే పని ఆ సహోదరుడికి ఇచ్చారంట కదా. అప్పులు తీర్చలేక ఊళ్లో తల దించుకుని తిరిగినోడు. అతని చేతికి దేవుని సొమ్ము లెక్క ఇస్తే బయటోళ్లు ఏమనుకుంటారు?" అన్నారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. మందిరానికి స్లాబు వేసినప్పుడు సొంత ట్రాక్టరుతో ఇసుక తోలినవాళ్లు. అందుకే గుమ్మంలో నిలబడి నాలుగు ముక్కల్లో జవాబు చెప్పి పంపాలనిపించలేదు. వాళ్ల మనసులో ఉన్నది చాలామంది మనసులో ఉంది, ఒకప్పుడు నా మనసులోనూ ఉంది. కాబట్టి అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఆ సహోదరుడిని అడిగే రాస్తున్నాను. పేరు చెప్పను.

అతనిది కౌలు సేద్యం. 2021లో మిరప వేశాడు. ఆ ఏడు మిరప వేసినవాళ్లకి నేను విడమరచి చెప్పక్కర్లేదు. పూతలోకి నల్ల తామర పురుగు దిగింది. మందు మీద మందు కొట్టారు, పూత రాలుతూనే ఉంది. గుంటూరు, ప్రకాశం, ఖమ్మం జిల్లాల్లో ఎంతోమంది నిలువు తోటల్ని పీకేశారు, దున్నేశారు. ఇతనూ దున్నేశాడు. కౌలు ముందే కట్టేశాడు. మందుల కొట్లో అప్పు, భార్య మెడలోది తాకట్టు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నేను విశ్వాసం మీద ప్రసంగం చేశాను. యెహోషువ 7వ అధ్యాయం తీసి, ఆకాను గుడారంలో దాచిన వస్త్రం గురించి చెప్పి, "నీ పొలం మీద దీవెన లేదంటే నీ ఇంట్లో కూడా ఎక్కడో ఆ వస్త్రం ఉంది, వెదుక్కో. భయపడేవాడు విశ్వాసి కాడు" అని గొంతు పెంచి అన్నాను. ఆమెన్‌లు బాగా వచ్చాయి. అతను వెనక స్తంభం పక్కన కూర్చుని ఉన్నాడు. ఆ తర్వాత ఏడు నెలలు మందిరానికి రాలేదు. నేనేం చేశాను? వెనుదిరిగినవారి కోసం ప్రార్థన అని చీటీలో అతని పేరు రాసుకున్నాను.

ఒకరోజు బస్టాండులో కనబడితే అడిగాను. అతను చెప్పింది ఇది: "పంట పోయిందని దేవుడి మీద నేను అలగలేదండి. రాత్రిళ్లు ప్రార్థన చేసుకుంటానే ఉన్నా. మందిరానికొస్తే అందరూ నా ఇంట్లో ఆ గుడ్డ ఎక్కడుందా అని వెదుకుతున్నట్టు ఉంటదండి. అందుకే రాలేదు."

బస్సు వచ్చింది, అతను ఎక్కి వెళ్లిపోయాడు. నేను నా పని మీద వెళ్లకుండా ఇంటికి తిరిగొచ్చి బైబిలు తీశాను.

ఆకాను సంగతి బైబిలులో లేదా అంటే ఉంది. కానీ అక్కడ యెహోషువ ఊహించి ఎవరి మీదా వేలు చూపలేదు. దేవుడే బయటపెట్టాడు. యోహాను 9లో పుట్టు గుడ్డివాడిని చూసి, ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, ఇతనూ కాదు ఇతని తల్లిదండ్రులూ కాదు అని ప్రభువు తేల్చేశాడు. యోబు స్నేహితులు ఏడు రోజులు నేల మీద అతని పక్కన మౌనంగా కూర్చున్నారు. అంతవరకూ బాగానే ఉంది. నోరు తెరిచాకే పాడైంది. చివరి అధ్యాయంలో దేవుడు కోపపడింది వాళ్ల మీద. ఆ ఆదివారం నేను వాళ్ల పక్కన నాలుగో కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

ఇక భయం సంగతి. తిమోతికి రాసిన రెండవ పత్రిక 1:7 చూపించి భయపడేవాళ్లని గద్దించడం మనకు అలవాటు. అక్కడ మన బైబిలులో ఉన్న మాట పిరికితనం. అది కూడా గద్దింపుగా రాసింది కాదు. మూడు వచనాలు వెనక్కి వెళితే, నీ కన్నీళ్లు నాకు గుర్తున్నాయని పౌలు రాస్తున్నాడు. చెరసాలలో ఉన్న తండ్రిలాంటివాడు ఏడ్చే కొడుకులాంటివాడికి రాసిన ఉత్తరమది. దాన్ని మనం బెత్తం చేసుకున్నాం. ఆ పౌలే కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 7:5లో, మాసిదోనియకు వచ్చినప్పుడు తనకు లోపల భయాలున్నాయని దాచకుండా రాశాడు. మన లెక్కన పౌలు విశ్వాసి కాడన్నమాట. తర్వాతి వచనం కూడా చూడండి. దేవుడు తనను ఎలా ఆదరించాడని చెప్తున్నాడు? తీతు రావడం చేత. దర్శనం రాలేదు, ఆకాశం నుంచి స్వరం రాలేదు. ఒక మనిషి వచ్చాడు.

ఏలీయా కూడా అంతే. కర్మెలు మీద గెలిచిన మనిషి, యెజెబెలు మాటకు ప్రాణభయంతో పరుగెత్తి, బదరీ చెట్టు కింద చావు కోరుకున్నాడు. దేవుడు దూతను పంపింది ప్రసంగం చేయడానికి కాదు, రొట్టె, నీళ్లు ఇవ్వడానికి. తిని పడుకున్నాడు. మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. నీకిక్కడ ఏం పని అన్న ప్రశ్న హోరేబులో, నలభై రోజుల ప్రయాణం తర్వాత వచ్చింది. మనం ప్రశ్నతో మొదలుపెడతాం, రొట్టె సంగతి మర్చిపోతాం.

ఇక్కడ ఒక సహోదరుడు ప్రకటన 21:8 తీస్తాడని నాకు తెలుసు. అగ్నిగుండంలో పాలుపొందేవారి వరసలో మొట్టమొదట పిరికివాళ్లే ఉన్నారు కదా అంటాడు. ఉన్నారు. ఆ వచనాన్ని నేను తీసేయను. కానీ ఒక్కసారి భయపడిన ప్రతివాడూ ఆ వరసలో ఉంటే మొదట నిలబడాల్సింది పేతురు. ప్రాణం కాపాడుకోవడానికి క్రీస్తును వదిలేసి, ఇక తిరిగి రాకుండా అలాగే ఉండిపోయిన వాళ్ల గురించి ఆ మాట. లూకా 22:32లో ప్రభువు పేతురు కోసం ఏమని ప్రార్థించాడో జాగ్రత్తగా చదవండి. నమ్మిక తప్పిపోకూడదని ప్రార్థించాడు. ఆ రాత్రే పేతురు మూడుసార్లు ఎరగనన్నాడు. మరి ప్రభువు ప్రార్థన ఫలించలేదా? ఫలించింది. నోరు బొంకింది, కాళ్లు వణికాయి, నమ్మిక మాత్రం అడుగున మిగిలింది. ఆ మిగిలిందే బయటికి వెళ్లి ఏడ్చింది. పడకముందే ప్రభువు అతనికి పని కూడా అప్పగించి ఉంచాడు: తిరిగాక నీ సహోదరులను స్థిరపరచు అని. తిబెరియ సముద్రం ఒడ్డున నిప్పులు, చేపలు, రొట్టె సిద్ధం చేసి, ముందు భోజనం పెట్టి, తర్వాత ప్రశ్న అడిగి, గొర్రెలు అప్పగించాడు. ప్రధాన యాజకుని ముంగిట్లో చలి కాచుకుంటూ బొంకినవాడికి మళ్లీ నిప్పుల దగ్గరే మాట ఇచ్చాడు. అప్పగించింది లెక్క పుస్తకం కాదు, మందనే.

పేతురు తప్పు చేశాడు. మన సహోదరుడు నష్టపోయాడు. ఈ రెండూ ఒకటి కావు, మనమే వాటిని ఒకటి చేశాం. తప్పు చేసి ఏడ్చినవాడికే ప్రభువు మంద అప్పగిస్తే, పురుగు తిన్న పంటకు ఒక మనిషిని ఎన్నాళ్లు ముద్దాయిని చేస్తారు? అతను ఎవరి డబ్బూ ఎగ్గొట్టలేదు. బండి అమ్మాడు, యార్డులో బస్తాలు మోశాడు, ఇప్పటికీ నెలనెలా కొట్టుకి కడుతున్నాడు. పది రూపాయలు కూడా లెక్క తప్పకూడదని మన సంఘంలో అతనికంటే బాగా తెలిసినవాళ్లు నాకైతే కనబడలేదు.

మార్కు సంగతి మీకు తెలుసు. పంఫూలియలో ఉన్న పెర్గేలో పని మధ్యలో వదిలి ఇంటికి వెళ్లిపోయాడు. రెండో ప్రయాణానికి అతన్ని తీసుకెళ్లనని పౌలు పట్టుబట్టాడు. బర్నబా తీసుకెళ్తానన్నాడు. ఇద్దరు దైవసేవకులు విడిపోయేంత వాదం జరిగింది. అపొస్తలుల కార్యములు 4:36లో బర్నబా అనే పేరుకు మన తెలుగు బైబిలు "హెచ్చరిక పుత్రుడు" అని అర్థం చెప్తుంది. చిన్నప్పుడు నేను, ఈయనెవరో అందర్నీ బెదిరించే మనిషి కాబోలు అనుకునేవాణ్ణి. ఇప్పుడు హెచ్చరిక అంటే కరెంటు స్తంభం మీద పుర్రె బొమ్మ పక్కన ఉండే మాట కదా. సెమినరీలో గ్రీకు కొంచెం చదివాక తెలిసింది, అక్కడున్న మాట పరాక్లేసిస్. ఆదరించడం, ధైర్యం చెప్పడం కూడా ఆ మాటలోనే ఉన్నాయి. యోహాను 14:16లో పరిశుద్ధాత్మను ఆదరణకర్త అన్నచోట ఉన్నదీ అదే మూలం నుంచి వచ్చిన మాటే. మన సంఘాలు మాత్రం ఆ మాటలో బెదిరింపునే ఉంచుకున్నాయి.

ఆ మార్కునే, పరిచారానికి నాకు పనికొస్తాడు, వెంటబెట్టుకు రా అని చివరి రోజుల్లో పౌలు తిమోతికి రాశాడు. పేతురు తన మొదటి పత్రికలో అతన్ని నా కుమారుడు అన్నాడు. పేతురు చెప్పిన సంగతులనే మార్కు సువార్తగా రాశాడని రెండవ శతాబ్దంలో పాపియాస్ అనే పెద్ద చెప్పిన మాట సంఘ చరిత్రలో మిగిలింది. అది నిజమైతే, ఆ ముంగిట్లో కోడి కూసిన రాత్రి కథ మనదాకా ఎలా వచ్చింది? పేతురు తానే చెప్పాడు. సంఘంలో అంత పెద్దవాడయ్యాక తన ఓటమిని తానే చెప్పుకుంటే, పని వదిలి పారిపోయిన కుర్రాడొకడు రాసిపెట్టాడు. పేతురు మనలాగా గెలిచినవి మాత్రమే సాక్ష్యం చెప్పేవాడైతే మన బైబిలులో ఆ పేజీ ఉండేది కాదు.

మన సాక్ష్యాల సమయం చూడండి. వీసా వచ్చినవాళ్లు, ఇల్లు కట్టుకున్నవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లు. వాళ్ల సంతోషం నిజమే, దేవునికి స్తోత్రం. ఇంటర్ తప్పిన పిల్ల ఎప్పుడైనా మైకు పట్టుకుందా? డిసెంబరు 31 రాత్రి తీసుకున్న వాగ్దానపు కార్డు అట్టలో పెట్టుకుని, ఏడాదంతా దానికి తిరగబడి జరిగిన మనిషి ఎప్పుడైనా లేచి నిలబడ్డాడా? నిలబడకపోవడానికి కారణం అతని అవిశ్వాసం కాదు, మన ముఖాలు.

ఈ వాదం కొత్తది కాదు. 250లో రోమా చక్రవర్తి డెసియస్ అందరూ దేవతలకు బలి అర్పించాలని ఆజ్ఞ ఇచ్చినప్పుడు చాలామంది విశ్వాసులు భయపడి అర్పించారు. కొందరు అర్పించకుండానే అర్పించినట్టు పత్రం కొనుక్కున్నారు. తర్వాత ఏడుస్తూ వచ్చారు. వీళ్లను ఎప్పటికీ చేర్చుకోకూడదని నొవేషియన్ అన్నాడు. పశ్చాత్తాపం చూసి చేర్చుకోవాలని కార్తేజు బిషప్పు సిప్రియన్, రోమాలో కొర్నేలి అన్నారు. సంఘం చేర్చుకునే వైపు నిలబడింది. తలుపు సులువుగా తీయలేదు, కానీ తీసింది.

లెక్క పుస్తకం అతని దగ్గరే ఉంటుంది. కానుకల పెట్టె ఎప్పటిలాగే ముగ్గురి ఎదుట తెరుస్తాం, మొత్తం బోర్డు మీద రాస్తాం. అనుమానం ఉన్నవాళ్లు ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు. వచ్చే ఆదివారం సాక్ష్యాల సమయంలో మైకు మొదట నేను తీసుకుంటాను. ఆకాను ప్రసంగం గురించి ఆ సహోదరుడి ఎదుట, అతని భార్య ఎదుట, మీ అందరి ఎదుట నేను ఒప్పుకోవాల్సింది ఉంది. ఆ తర్వాత, జవాబు ఇంకా రాని ప్రార్థన ఉన్నవాళ్లు ఎవరైనా మాట్లాడాలనుకుంటే ముందు వరుసలో కూర్చోండి. మాట్లాడలేకపోతే ఊరికే కూర్చోండి. అమ్మగారు భోజనం వండుతున్నారు, తిని వెళ్దురుగాని. పెద్దలిద్దరికీ ఫోను చేసి చెప్పాను. వస్తామన్నారు.