నయం కాదని తేల్చేదెవరు?

కెనడా 2016లో కారుణ్య మరణాన్ని చట్టబద్ధం చేసినప్పుడు అది మరణం దగ్గరపడిన రోగులకే పరిమితం. 2019లో క్యూబెక్ కోర్టు ఆ షరతును కొట్టేసింది. 2021లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, చావు దగ్గర్లో లేనివారికీ వర్తింపజేసింది. మానసిక వ్యాధి తప్ప మరే జబ్బూ లేనివారిని మాత్రం రెండేళ్లపాటు మినహాయించింది. ఆ గడువు 2023 మార్చి నుంచి 2024 మార్చికి, అక్కడి నుంచి 2027 మార్చి 17కు జరిగింది. వాయిదాలకు చెప్పిన కారణం, వ్యవస్థ ఇంకా సిద్ధం కాలేదని. అంటే సిద్ధమయ్యాక అమలు చేయవచ్చన్నమాట. నా అభ్యంతరం అక్కడే. ఎంత శిక్షణ ఇచ్చినా, ఎందరు నిపుణులను నియమించినా తీరని లోపం ఈ ప్రతిపాదనలోనే ఉంది.

వ్యాధి ఇక నయం కాదని తేలాలన్నది ఈ చట్టంలోని కీలకమైన షరతు. ముదిరిన క్యాన్సర్ విషయంలో స్కానింగులు, బయాప్సీలు, అదే దశలో ఉన్న వేలమంది రోగుల అనుభవం వైద్యుడికి ఆధారంగా నిలుస్తాయి. తీవ్రమైన డిప్రెషన్‌కో, స్కిజోఫ్రీనియాకో అలాంటి ఆధారాలు లేవు. ఫలానా రోగి ఎన్నటికీ కోలుకోడని చెప్పగల రక్తపరీక్ష లేదు. ఏళ్ల తరబడి మిగతా మందులకు లొంగని జబ్బు క్లోజపైన్ అనే మందుతో అదుపులోకి రావచ్చు, షాక్ చికిత్సతో తగ్గవచ్చు. ఒక్కోసారి నిలకడైన ఇల్లు, చిన్న ఉద్యోగం, పైబడిన వయసు కూడా మనిషిని నిలబెడతాయి. కెనడా ప్రభుత్వం నియమించిన నిపుణుల బృందమే 2022 నాటి నివేదికలో, చాలా మానసిక వ్యాధులు ఒక్కో రోగిలో ఎటు దారితీస్తాయో ముందుగా చెప్పడం కష్టమని ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే, కేసును బట్టి నిర్ణయించుకోవచ్చని సలహా ఇచ్చింది. తెలియదని చెప్పిన నోటితోనే ప్రాణం తీయడానికి అనుమతివ్వడం నాకు మింగుడుపడదు.

ఆచరణలో ఏం జరుగుతుందో నెదర్లాండ్స్ చూపిస్తోంది. అక్కడ మానసిక వ్యాధి కారణంగా కారుణ్య మరణం పొందినవారు 2010లో ఇద్దరు, 2024లో 219 మంది. 2011–14 మధ్య నమోదైన 66 కేసుల నివేదికలను అమెరికా పరిశోధకులు పరిశీలించి 2016లో ప్రచురించారు. ప్రతి పదిమందిలో ఏడుగురు మహిళలు. సగానికి పైగా నివేదికల్లో ఒంటరితనం ప్రస్తావన ఉంది. నాలుగోవంతు కేసుల్లో వైద్యులకే ఏకాభిప్రాయం కుదరలేదు. ఆ కేసుల్లో ఒకటి డెబ్బయ్యేళ్లు దాటిన ఒక స్త్రీది. ఆమెకు శారీరకంగా ఏ జబ్బూ లేదు. ఒకరు లేకుండా మరొకరం బతకకూడదని దంపతులు అనుకున్నారట. భర్త పోయాడు. ఆమె వేళకు తింటోంది, నిద్రపోతోంది, వార్తలు చూస్తోంది. కానీ బతుకు నరకంగా ఉందంది. అంతే, ఆమె శోకం వ్యాధిగా నమోదైంది, మరణం చికిత్సగా అమలైంది. మన ఊళ్లలో భర్తను పోగొట్టుకున్న ఎందరు తల్లులు మొదటి ఏడాది ఇదే మాట అనలేదు?

ఆ 66 మందిలో సగానికి పైగా వ్యక్తిత్వ రుగ్మతలున్నవారే. వాటిలో బాగా తెలిసిన బోర్డర్‌లైన్ రుగ్మతతో అమెరికాలోని మెక్‌లీన్ ఆసుపత్రిలో చేరిన 290 మందిని పదేళ్లపాటు గమనిస్తే, 93 శాతం మందిలో కనీసం రెండేళ్లపాటు లక్షణాలు తగ్గుముఖం పట్టాయి. ఉద్యోగం, సంబంధబాంధవ్యాలతో సహా పూర్తిగా కోలుకున్నవారు సగం మందే, నిజమే. అయినా ఆసుపత్రిలో చేర్చిన రోజున ఎవరు ఆ సగంలో ఉంటారో ఏ వైద్యుడూ చెప్పలేకపోయేవాడు.

మనసు పడే బాధ శరీరం పడే బాధ కంటే తక్కువా, వీరికి మాత్రమే నిరాకరించడం వివక్ష కాదా అన్నది ఎదుటివారి బలమైన ప్రశ్న. బాధ తక్కువ కాదు. కొన్నిసార్లు ఎక్కువ కూడా. ఆ బాధ ఎంతకాలం ఉంటుందో మనకు తెలుసా, లేదా అన్నదే తేడా. సమానత్వం గురించి మాట్లాడాలంటే ముందు చికిత్సలో మాట్లాడాలి. కెనడాలో సైకాలజిస్టుల దగ్గర తీసుకునే థెరపీలో చాలా భాగం ప్రభుత్వ బీమా కిందికి రాదు. కారుణ్య మరణానికి మాత్రం రోగి జేబులోంచి పైసా ఖర్చు కాదు. చావు దగ్గర్లో లేనివారి విషయంలో మదింపునకు కనీసం 90 రోజులు తీసుకోవాలని చట్టం చెబుతోంది. అందుబాటులో ఉన్న చికిత్సల గురించి రోగికి తెలియజేయాలి, రోగి వాటిని ఆలోచించాలి, కానీ వాడి చూసి తీరాలన్న నియమం లేదు. ఆత్మహత్య ఆలోచనలున్నవారి కోసం అదే దేశం 2023 నవంబర్ 30న 988 హెల్ప్‌లైన్ తెరిచింది. అప్పటి గడువు ప్రకారం మానసిక రోగులకు కారుణ్య మరణం అమల్లోకి రావడానికి నాలుగు నెలలు కూడా లేవు. ఫోన్ చేసిన మనిషికి ప్రభుత్వం ఏ మాట చెప్పాలి?

తన ప్రాణం మీద తనకే హక్కన్నది ఇంకో వాదన. మానసిక రోగుల్లో చాలామందికి తమ నిర్ణయాలు తాము తీసుకునే శక్తి ఉంటుంది, దాన్ని శంకించడం తప్పు. కానీ ఈ చట్టం స్వేచ్ఛను గౌరవించేదైతే, అప్పులపాలైన ఆరోగ్యవంతుడు అడిగినా ఒప్పుకోవాలి కదా? ఒప్పుకోదు. ఇద్దరు వైద్య నిపుణులు ఈ బతుకు ఇక బాగుపడదని ధ్రువీకరించాలి. డిప్రెషన్ ఆ మనిషి చెవిలో రాత్రింబవళ్లు చెప్పేదీ ఇదే. ఆశ చచ్చిపోవడం ఆ జబ్బు లక్షణం. వైద్యుడు దానికి సంతకం పెడితే రోగం గెలిచినట్టే.

అనుమతించకపోతే వారు ఇంకా దారుణంగా ప్రాణాలు తీసుకుంటారన్న భయం ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని గోల్డెన్‌గేట్ వంతెన దగ్గర చివరి క్షణంలో ఆపిన 515 మంది ఏమయ్యారో 1978లో ఒక పరిశోధకుడు ఆరా తీస్తే, 94 శాతం మంది బతికే ఉన్నారు, లేదా సహజంగా కన్నుమూశారు. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్, ఆత్మహత్యకు యత్నించినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నారనే భావించాలనీ, వారికి చికిత్స, పునరావాసం కల్పించడం ప్రభుత్వ బాధ్యతనీ చెబుతోంది. అమలులో లోటుపాట్లు కొండంత ఉన్నాయి. అయినా ఆ మాట సరైన వైపు నిలబడింది.

ఇరవై ఏళ్లు అన్ని చికిత్సలూ చేయించుకుని అలసిపోయిన మనిషి సంగతేమిటి? ఆ బాధ ముందు నా వాదన చిన్నబోతుందని తెలుసు. కానీ అలాంటివారిని మాత్రమే వేరుచేసి పట్టుకోగల చట్టాన్ని ఎవరూ రాయలేకపోయారు. బెల్జియంలో 2007–11 మధ్య కారుణ్య మరణం కోరిన వంద మంది మానసిక రోగుల్లో 38 మంది నిర్ణయం వెలువడకముందే కోరికను విరమించుకున్నారు. ఆమోదం దొరికిన 48 మందిలోనూ ఎనిమిది మంది, అవకాశం ఉందన్న ఊరటే చాలని దాన్ని వాయిదా వేసుకున్నారు, లేదా రద్దు చేసుకున్నారు. మద్దతుదారులు దీన్ని తమకు అనుకూలంగా చూపుతారు. నేను మరోలా చదువుతాను: తమ బాధను చివరికి ఎవరో కూర్చుని, నమ్మి, నెలల తరబడి విన్నారు. ఆ వినడం విషం సూది హామీ లేకుండానే దొరకాలి. అందుకు కావలసింది పడకలు, థెరపిస్టులు, ఇంటికి వచ్చి పలకరించే నర్సులు, అందుకు సరిపడా డబ్బు.